మన సిస్టర్ మోకాలు

మా తెలుగు చర్చిలో జబ్బుపడి లేచినవాళ్ళు ఎవరైనా సరే, ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. రాసిపెట్టిన నియమం కాదు గానీ, చెప్పకపోతే ఊరుకోరు. డెంగీ తగ్గినవాళ్ళు చెప్పారు, కడుపులో రాళ్ళు తీయించుకున్నవాళ్ళు చెప్పారు, పన్ను పీకించుకున్నాయన కూడా చెప్పాడు. మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయిన నేను మాత్రం పోయిన ఆదివారం దాకా నోరు విప్పలేదు. "ఏమే విమలా, దేవుడు చేసిన మేలు చెప్పుకోడానికి నీకంత బరువేంటే?" అని ఎస్తేరు ఆంటీ అడుగుతూనే ఉన్నారు.

పోయిన ఆదివారం చెప్పాను. రెండు ముక్కలే చెప్పగలిగాను. మిగతాదంతా ఇక్కడ రాస్తున్నాను. ఒకటి, ఈ కోపం కక్కేస్తే తప్ప నాకు నెమ్మది లేదు. రెండు, మోకాలు మెలితిరిగిన ఇంకెవరైనా ఇది చదివి, ఆపరేషన్ బల్ల ఎక్కేముందు ఒక్క ప్రశ్న అడిగితే నాకంతే చాలు.

మాది బాపట్ల దగ్గర. నర్సింగ్ చదివి ఢిల్లీ వచ్చినదాన్ని ఇక్కడే ఉండిపోయాను. గాజియాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎముకల వార్డు సిస్టర్‌ని. మా ఆయన జయరాజు గారు నోయిడాలో ఆఫీసు ఉద్యోగి. ఒక్కతే కూతురు, షారోన్, ఎనిమిదో తరగతి. ఇందిరాపురంలో లిఫ్ట్ లేని బిల్డింగులో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. మా చర్చిలో ఆడవాళ్ళు సగానికి సగం నర్సులే. ప్రసంగం మధ్యలో ఎవరి ఫోనైనా మోగితే పాస్టరుగారు కోప్పడరు, వార్డు నుంచి అయ్యుంటుందని ఆయనకి తెలుసు.

డిసెంబరు

సెమీ క్రిస్మస్ నాడు కాలు పోయింది. మావాళ్ళకి అసలు పండగ కంటే ఇదే సందడి, ఎందుకంటే అసలు పండగనాడు సగంమందికి డ్యూటీ ఉంటుంది. పాటలయ్యాయి, కేకు కోశారు, బిర్యానీ తిన్నారు. తర్వాత బయట పచ్చగడ్డిలో ఆడవాళ్ళకి మ్యూజికల్ చైర్స్ పెట్టారు. ఒక్కొక్కరూ పోయి చివరికి నేనూ ఎస్తేరు ఆంటీ మిగిలాం. ఆంటీ ఒక పెద్దాస్పత్రిలో మేట్రన్‌గా చేసి రిటైరయ్యారు. మా చర్చిలో ఏ నర్సుకి ఉద్యోగం కావాలన్నా, ఏ బిడ్డకి పెళ్ళి కుదరాలన్నా ఆవిడ చెయ్యి పడాల్సిందే. కుర్చీ విషయంలో ఆవిడ ఎవరికీ వదిలే మనిషి కాదు.

పాట ఆగింది. నేను కుర్చీ వైపు గిర్రున తిరిగాను. పాదం మాత్రం గడ్డిలో ఉన్నచోటే ఉండిపోయింది. మోకాలి లోపల టప్పుమంది. ఆ చప్పుడు ఏంటో ఎముకల వార్డు సిస్టర్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. కింద కూర్చుండిపోయాను. ఆంటీ కుర్చీలో కూర్చుని, నన్ను చూసి, గెలిచిన సంగతి మర్చిపోయి పరుగెత్తుకొచ్చారు.

స్కానింగ్‌లో తేలింది: మోకాలి ముందు లిగమెంట్ పూర్తిగా తెగింది, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. మోకాలు కొబ్బరిబోండాంలా వాచింది, చెయ్యి వేస్తే వేడి. చాపలేను, ముడవలేను.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఇలాంటి మోకాళ్ళతో వచ్చే పేషెంట్లకి మా సర్జన్, మేమంతా సర్ అని పిలిచే ఆయన, ఏం చెబుతాడో నాకు నోటికొచ్చు. ఏళ్ళ తరబడి ఆయన పక్కన నిలబడి విన్నదాన్ని. ముందు ఐసు పెట్టండి. ఫిజియోకి వెళ్ళండి. వాపు తగ్గాలి, కాలు పూర్తిగా చాపగలగాలి, ముడవగలగాలి, కుంటకుండా నడవగలగాలి. అప్పుడు రండి, ఆపరేషన్ ఎప్పుడో చూద్దాం. ఆపరేషన్ ఎక్కడికీ పోదు, మీరు తొందరపడకండి. పేషెంట్లు కంగారుపడితే వాళ్ళకి ఇదే మళ్ళీ నేను హిందీలో, ఎవరైనా మనవాళ్ళు తగిలితే తెలుగులో విడమర్చి చెప్పేదాన్ని.

నా మోకాలి దగ్గరికొచ్చేసరికి సర్ నవ్వాడు. "అరే విమలా సిస్టర్, ఆప్ లైన్ మే క్యోఁ లగేంగీ? ఆప్ తో అప్‌నీ హైఁ." మీరు వరసలో నిలబడటమేంటి, మీరు మన మనిషి కదా అని. క్రిస్మస్ ముందురోజు నుంచి ఆయన సెలవు మీద కుటుంబంతో వెళ్ళిపోతున్నాడు. ఆ లోపల థియేటర్లో ఎక్కడైనా ఖాళీ దొరికితే నన్ను సర్దేస్తానన్నాడు. మా నర్సింగ్ ఇన్‌ఛార్జి మేడమ్‌కీ అదే కావాలి. ఇప్పుడే పడుకుంటే ఫిబ్రవరికల్లా డ్యూటీకి వచ్చేస్తానని ఆవిడ లెక్క. మా ఆయనకి డిసెంబరు దాటితే మురిగిపోయే సెలవులున్నాయి. షారోన్‌కి చలికాలం సెలవులిస్తారు, ఇంట్లో ఉండి చూసుకుంటుంది. ఎవరి వైపు నుంచి చూసినా భలే కుదిరింది.

ఎస్తేరు ఆంటీ తన ఇంట్లో నాకోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. పొద్దుటినుంచి ఏమీ తినకుండా, చలిలో ఎక్కడెక్కడినుంచో మెట్రోలు మారి వచ్చారు. నైట్ డ్యూటీ చేసి నిద్రపోకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ప్రేమని నేను తక్కువ చేయడం లేదు. అందరూ మోకాళ్ళూని, విమలకి త్వరగా దారి తెరువు ప్రభువా అని ఏడ్చారు. సాయంత్రం అందరం టీ తాగుతుండగానే థియేటర్ నుంచి నాకు ఫోను వచ్చింది. రేపటి కేసు ఒకటి క్యాన్సిలైంది, సిస్టర్, మీరు వచ్చేయండి అన్నారు.

ఆ గదిలో ఒక్కసారిగా స్తోత్రాలు. "చూశావా! అడిగిన గంటకే జవాబు!" అని ఆంటీ నా తల పట్టుకుని ముద్దుపెట్టుకున్నారు. మా వాట్సాప్ గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలే. దేవుడి జవాబని అంతమంది అన్నాక, వాపు సంగతేంటి అని నేను అడిగితే అవిశ్వాసిలా కనిపిస్తాను.

అయినా అడిగాను. మర్నాడు ట్రాలీ మీదనే అడిగాను. "సర్, వాపు తగ్గలేదు. వేడి కూడా ఉంది. ఆగితే?" అన్నాను. "సిస్టర్ ముఝే పఢా రహీ హైఁ," నాకే పాఠం చెబుతోంది అని ఆయన చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నాడు. అందరూ ప్రేమగా నవ్వారు. మత్తు డాక్టరమ్మ నా బుగ్గ తట్టింది.

ఆ క్యాన్సిలైన కేసు ఎందుకు క్యాన్సిలైందో తర్వాత తెలిసింది. ఆ పెద్దాయనకి బీపీ ఎక్కువగా ఉందట. ఒళ్ళు సిద్ధంగా లేదని ఆయన్ని ఆపారు. సిద్ధంగా లేని నా మోకాల్ని తీసుకెళ్ళి ఆ ఖాళీలో పెట్టారు. ఆయన బయటిమనిషి కాబట్టి బతికిపోయాడు.

జనవరి

పొగమంచు, మూడో అంతస్తు, నేను. సర్ సెలవులో ఉంటే జూనియర్ కుట్లు విప్పాడు. వాపు మీదే కోసిన మోకాలు అలాగే బిగుసుకుపోయింది. చాపితే పూర్తిగా రాదు, ముడిస్తే సగానికి సగం కూడా రాదు. ఫిజియోకి తీసుకెళ్ళాలంటే మెట్లు దిగాలి. కింద ఫ్లాటులో ఉండే పంజాబీ ఆంటీ నేను వాకర్‌తో దిగడం ఒకరోజు చూశారు. ఆ మర్నాడు మలుపు మలుపుకీ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. "బైఠ్ కే జాయా కర్, బేటీ," కూర్చుంటూ వెళ్ళు అన్నారు. అంతకుముందు ఆవిడా నేనూ నీళ్ళ మోటారు విషయంలో పోట్లాడుకోవడమే గానీ మాట్లాడుకున్నది లేదు. ఆ చలికాలమంతా ఆ కుర్చీలు అక్కడే ఉన్నాయి.

షారోన్‌తో నేను తెలుగులో మాట్లాడతాను, అది హిందీలో జవాబిస్తుంది. "మంచినీళ్ళు తేవే" అంటే "లా రహీ హూఁ మమ్మీ" అంటుంది. నొప్పితో అరిచినప్పుడు మాత్రం తలుపు దగ్గర నిలబడి "అమ్మా" అనేది. చిన్నప్పుడు అలా పిలిచేది, బళ్ళో చేరాక మానేసింది.

మా ఆయన సెలవులు అయిపోయాయి. వంట, మార్కెట్, ఆఫీసు, నన్ను దింపడం, ఎక్కించడం. ఒకరోజు కుక్కర్ దింపుతూ, వెనక్కి తిరక్కుండానే అన్నారు. "అందరికీ బాగైంది, నీకే ఎందుకవట్లేదు విమలా? ఎక్సర్‌సైజులు సరిగ్గా చెయ్యట్లేదేమో."

"మీరొచ్చి నా కాలు ముడవండి, చూస్తాను," అన్నాను.

"మీ ఆస్పత్రే కదా, మీవాళ్ళే కదా చేసింది!"

"మావాళ్ళు కాబట్టే చేశారు!" అని అరిచాను. ఆయనకి అర్థం కాలేదు. నిజానికి అప్పటికి నాకూ సగమే అర్థమైంది. ఆ పూట ఎవరం అన్నం తినలేదు.

ఫిబ్రవరి

సర్ తిరిగొచ్చాడు, ఎండకి నల్లబడి, హుషారుగా. కాలు పట్టుకుని ముడవబోయాడు. నేను బల్ల అంచు పట్టుకుని కేకేశాను. "సిస్టర్, ఆప్ జోర్ నహీఁ లగా రహీ," మీరు గట్టిగా ప్రయత్నించడం లేదన్నాడు. పక్కనున్న జూనియర్‌తో, మన స్టాఫే అందరికంటే మొండి పేషెంట్లని నవ్వుతూ చెప్పాడు. వాచిన మోకాల్ని కోసింది ఆయన. మొండిదాన్ని నేను!

తర్వాత ఇన్‌ఛార్జి మేడమ్ పిలిచారు. వంగలేని సిస్టర్ ఎముకల వార్డులో ఏం చేస్తుంది? మంచాల మధ్య తిరగాలి, పేషెంట్లని లేపాలి, ఎవరైనా కుప్పకూలితే నేలమీద కూర్చుని గుండె నొక్కాలి. "మన సిస్టరే కదా, వదిలేస్తామా? రిసెప్షన్లో కూర్చోబెడతాం," అని హిందీలో ఎంతో దయగా అన్నారు. రిసెప్షన్లోకి వెళ్ళిన నర్సు మళ్ళీ వార్డులోకి రావడం నేనింతవరకూ చూడలేదు. నాకు వచ్చిన పని ఒక్కటే. పేషెంటు మొదటిసారి మంచం దిగి అడుగు వేస్తున్నప్పుడు చంక కింద చెయ్యి వేసి పట్టుకునే పని. అది పోతుంది. వేసవిలోపల కాలు వంగకపోతే రిసెప్షనే అన్నారు.

చర్చిలో నా సాక్ష్యం కోసం ఎదురుచూస్తున్నారు. అందరూ మోకాళ్ళూనినప్పుడు నేను కుర్చీలో కాలు చాపుకుని కూర్చునేదాన్ని. దేవుడి మీద నాకు కోపం రాలేదు. ఆయన పేరు చెప్పి థియేటర్ ఖాళీని నా చేతిలో పెట్టినవాళ్ళ మీద వచ్చింది.

మార్చి

ఢిల్లీలోని ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళాను. నర్సునని ఎవరికీ చెప్పలేదు. ఎస్తేరు ఆంటీకి అక్కడ తెలిసినవాళ్ళున్నారు, ఫోన్ చేస్తానన్నారు. వద్దంటే వద్దన్నాను. "నీకు పొగరెక్కువైంది," అన్నారు. పొగరే. కార్డు తీయించుకుని, అందరితో పాటు బెంచీ మీద కూర్చున్నాను.

నా పక్కన మోకాలికి పట్టీ కట్టుకున్న ఒకావిడ కూర్చుంది. ఫోన్లో తెలుగు వినపడి పలకరించాను. పేరు లక్ష్మీదేవి, కడప మనిషి, భర్త సైన్యంలో ఉన్నాడు, కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఉంటారు. స్కూటర్ మీదనుంచి పడి ఆమెకీ ఇదే లిగమెంట్ తెగింది. ఆమెది నా కథని పూర్తిగా తిరగేసినట్టుంది.

"సమచ్చరం దాటిపాయ అక్కా. అప్పుడే చేపిచ్చుకోమనిరి. మా ఆయనకి ట్రైనింగు పడె. అది కాంగానే మా అత్తకి కంటాపరేషను. తర్వాత పిల్లోనికి బోర్డు పరీక్షలు. అన్నీ కానీలే అనుకుంటి. ఈలోపల కాలు ఎన్నితూర్లు జారిందో లెక్కే ల్యా. ఇప్పుడేమో లోపల ఎముకల మద్దెన మెత్త గూడా చిరిగిందంటాండారు."

"అవన్నీ తర్వాత, ముందు నీ కాలు చూసుకుందామని ఎవరూ అనలేదా?"

"నా కాలికేం తొందరక్కా, అది నాతోనే ఉంటాది గదా అనిరి," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమెని ఆపినవాళ్ళకీ నన్ను తోసినవాళ్ళకీ తేడా ఏముంది? ఎవరూ కాలుని అడగలేదు. ఆమె తన మఫ్లర్ మడిచి నా మడమ కింద పెట్టి, నా నంబరు వచ్చేదాకా తియ్యనివ్వలేదు.

లోపల డాక్టరు చిన్నవయసు అమ్మాయి, ముఖంలో నవ్వు లేదు. కాగితాలు చూసింది, దెబ్బ తగిలిన రోజూ ఆపరేషన్ రోజూ చూసి తలెత్తింది. మెత్త ఇరుక్కుని మోకాలు లాకైందా? లేదు. లిగమెంట్లు చాలా తెగాయా? లేదు, ఒక్కటే. "ఫిర్ జల్దీ కిస్‌కో థీ?" అంది. మరి తొందర ఎవరికి?

మెట్రోలో ఇంటికొస్తూ ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. తొందర సర్ సెలవులకి. తొందర మేడమ్ డ్యూటీ చార్టుకి. తొందర మురిగిపోయే లీవులకి, బడి సెలవులకి, ఉపవాసం ఉన్నవాళ్ళ నమ్మకానికి. నా మోకాలికి మాత్రం ఏ తొందరా లేదు. దానికి కాస్త చల్లబడే టైము కావాలి, అంతే.

ఏప్రిల్ నుంచి వేసవంతా

ఆ నవ్వని డాక్టరమ్మే రెండో ఆపరేషన్ చేసింది. కోతలు మానుతూ లోపల గట్టిగా పట్టేసిన కండనంతా తీసి, మత్తులోనే కాలు ముడిచింది. చేసేముందు నాకు అన్నీ చెప్పింది. పూర్తిగా వస్తుందని మాటివ్వలేను, వార్డు పనికి సరిపడా రావచ్చు అంది. ఆ మాట నన్ను ఏడిపించింది గానీ, ఆమె మీద గౌరవం పెరిగింది. నన్ను మన మనిషి అనలేదు. పేషెంటుకి చెప్పాల్సినట్టు చెప్పింది.

తర్వాత నెలలన్నీ ఏడుపూ చెమటా. కరెంటు పోయిన ఎండాకాలం మధ్యాహ్నాలు షారోన్ నా చీలమండ పట్టుకుని ముడిచేది. నేను బూతులు తిడతానేమోనని దానికి ఆశగా ఉండేది. మా ఆయన ఒకరోజు నా కాలికి ఐసు పెడుతూ, తలెత్తకుండా, "ఆ రోజు నేనూ వద్దనాల్సింది," అన్నారు. అంతకంటే ఆయన ఎక్కువ చెప్పలేరు. నేనూ అడగలేదు. కాలు వార్డుకి సరిపడా వంగింది. వానలు మొదలయ్యాక నా మంచాల దగ్గరికి నేను తిరిగెళ్ళాను. రిసెప్షన్ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.

పూర్తిగా మాత్రం వంగలేదు. నేలమీద కూర్చోలేను. మోకాళ్ళూనలేను. ఇక ఇంతే అన్నారు.

అక్టోబరు

మా చర్చిలోనే దీవెన అని ఒక అమ్మాయి, మా ఆస్పత్రిలోనే కొత్త నర్సు. అమ్మానాన్నలు ఒంగోలు దగ్గర, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. పోయిన వారం స్కూటీ జారి మోకాలు మెలితిరిగింది. అదే లిగమెంట్, అదే ఒక్కటి. శనివారం పొద్దున నేను డ్యూటీలో ఉండగా గ్రూపులో ఎస్తేరు ఆంటీ మెసేజ్ వచ్చింది: దీపావళి సెలవులకి ముందే, సోమవారమే దీవెనకి థియేటర్లో ఖాళీ దొరికింది, దేవునికి స్తోత్రం. కింద వరసగా జోడించిన చేతులు.

వార్డులోకి వెళ్ళి దీవెన దుప్పటి తీసి చూశాను. మోకాలు ఎర్రగా, వేడిగా, బోండాంలా ఉంది. "విమలక్కా, సర్ ఎంత మంచోరో, నన్ను లైన్లో పెట్టకుండా..." అంటోంది. ఆ మాట పూర్తయ్యేదాకా కూడా ఆగలేకపోయాను.

సర్ ఓపీడీ గదికి వెళ్ళాను. "ఆయియే సిస్టర్, ఘుట్‌నా కైసా హై?" అన్నాడు, మోకాలెలా ఉందని. కూర్చోలేదు. హిందీలో చెప్పాను, తెలుగులో అయితే ఇంకా గట్టిగా వచ్చేదేమో.

"సర్, ఆ అమ్మాయిని మన మనిషి అనుకోవద్దు. కార్డు తీయించుకుని బయట బెంచీ మీద కూర్చున్న పేషెంటు అనుకోండి. ఆ పేషెంటుకి మీరేం చెబుతారో నాకు తెలుసు, ఏళ్ళ తరబడి విన్నాను. దీవెనకీ అదే చెప్పండి. నాకు చెప్పలేదు."

గదిలో జూనియర్ ఫోన్ పక్కన పెట్టేశాడు. సర్ ముఖం ఎర్రబడింది. నా ఉద్యోగం ఇక్కడితో సరి అనుకున్నాను. ఆయన పెన్నుకి మూత పెట్టాడు. తర్వాత లేచి వార్డుకి నడిచాడు, దీవెన మోకాలి మీద చెయ్యి వేసి, వేడి చూశాడు. "సోమ్‌వార్ కో నహీఁ," అన్నాడు, సోమవారం వద్దని. "పెహ్‌లే ఫిజియో. సూజన్ ఉతర్‌నే దో." ముందు ఫిజియో, వాపు దిగనివ్వండి అని. నా వైపు చూడలేదు. క్షమించమని అడగలేదు. అడుగుతాడని నేనూ అనుకోలేదు.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నారు. నేను లేచాను. ఎస్తేరు ఆంటీ ముఖం వెలిగిపోయింది, పక్కవాళ్ళని మోచేత్తో పొడిచారు.

"రేపు దీవెనకి ఆపరేషన్ లేదు," అన్నాను. "వాపు తగ్గాక చేస్తారు. నా సాక్ష్యం ఇదే."

కూర్చున్నాను. ఆమెన్ అని ఎవరూ అనలేదు. నర్సులు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళకి తెలుసు. ఎస్తేరు ఆంటీ తల వంచుకుని కొంగు సర్దుకున్నారు, ఆవిడకీ తెలుసు.

పాస్టరుగారు మోకాళ్ళూని ప్రార్థిద్దాం అన్నారు. హాలంతా కిందికి వంగింది. కుర్చీల్లో ఇద్దరమే మిగిలాం, నేనూ, మోకాలి మీద ఐసు సంచీ పెట్టుకున్న దీవెనా. "అక్కా, నాకు సిగ్గుగా ఉంది, అందరూ కింద ఉన్నారు," అని గుసగుసలాడింది.

"కూర్చోవే," అన్నాను. "నువ్వు మళ్ళీ మోకాళ్ళూనుతావు."